గీజర్, బల్బు, మోటారు: వోల్టేజ్, కరెంట్ తెలిసినా రెసిస్టెన్స్, పవర్ లెక్క ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: అన్నా, మా ఇల్లు విశాఖపట్నం కూర్మన్నపాలెంలో. ఎలక్ట్రికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో వస్తువుల రెసిస్టెన్స్, పవర్ నేనే లెక్కేద్దామని కూర్చుంటే ఒక్కటీ కలవలేదు. గీజర్ మీద 2000 వాట్స్, 230 వోల్ట్స్ అని ఉంది. టాంగ్ టెస్టర్ (వైరును దవడలతో పట్టుకుని కరెంట్ కొలిచే మీటర్) 8.0 ఆంప్స్ చూపించింది. 230ని 8తో భాగిస్తే 28.75 ఓమ్స్, గుణిస్తే 1840 వాట్స్. ప్లగ్ తీసేసి మల్టీమీటర్ పెడితే 26.8 ఓమ్స్. పాత 100 వాట్ల బల్బుకు లెక్క ప్రకారం 529 ఓమ్స్ రావాలి, మీటర్ 40 చూపిస్తోంది. అపార్ట్‌మెంట్ 1 హెచ్‌పీ మోటారు 6.5 ఆంప్స్ తీసుకుంటోంది, అంటే 35 ఓమ్స్. వైండింగ్ కొలిస్తే 4 ఓమ్సే. తప్పు ఫార్ములాదా, మీటర్‌దా, నాదా?

జవాబు: తమ్ముడూ, ఫార్ములా సరైనదే, మీటరూ బాగానే పనిచేస్తోంది. నువ్వు కొలిచిన అంకెల్లోనూ నాకు తప్పు కనిపించడం లేదు. కొలవకుండా రాసుకున్న అంకె మాత్రం ఒకటుంది. అది 230. గీజర్ చిక్కంతా అక్కడే ఉంది. బల్బు, మోటారు సంగతి వేరు, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

నేను కంచరపాలెం ఐటీఐలో చదువుకుని ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో వైరింగ్, మోటార్ల పనులు చేస్తున్నాను. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు మొదటి రోజే ఒక మాట చెబుతాను. వోల్టేజ్, కరెంట్ రెండూ ఒకే వస్తువువి కావాలి, ఒకే సమయానివి కావాలి. వోల్టేజ్ ఆ వస్తువు రెండు కొనల మధ్య కొలవాలి. కరెంట్ ఆ వస్తువులోంచి పారుతున్నదే కావాలి. అప్పుడే భాగిస్తే వచ్చేది ఆ వస్తువు రెసిస్టెన్స్, గుణిస్తే వచ్చేది అది తింటున్న పవర్. ఒకటి ఇప్పుడు కొలిచి, రెండోది పుస్తకంలోంచి తెచ్చుకుంటే వచ్చే జవాబు ఏ వస్తువుదీ కాదు.

ఈ పొరపాటుకు మన వాడుక మాట కూడా కొంత కారణం. మనకు అన్నీ 'కరెంటే'. కరెంటు పోయింది అంటే సప్లై పోయిందని. కరెంటు బిల్లు అంటే యూనిట్లకు కట్టే డబ్బు. సాయంత్రం పూట 'కరెంటు తక్కువొస్తోంది' అంటే వోల్టేజ్ తగ్గిందని. ఇంట్లో అలా మాట్లాడుకోవడంలో తప్పులేదు. మీటర్ చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం మూడింటినీ విడివిడిగా చూడాలి. నెట్టే బలం వోల్టేజ్, పారేది కరెంట్, ఆ రెండూ కలిసి ఒక్కో సెకనుకు చేసే పని పవర్.

ఈ భాగహారం సూత్రాన్ని కనిపెట్టిన ఓమ్ గారికీ ఇలాగే లెక్క కలవని ఇబ్బంది వచ్చింది. ఆయన జర్మనీలో కొలోన్ ఊళ్లో బడి పంతులు. మొదట్లో ఆనాటి బ్యాటరీలతో ప్రయోగాలు చేస్తే, కరెంట్ తీసుకుంటున్న కొద్దీ బ్యాటరీ వోల్టేజ్ పడిపోతూ లెక్కలు చెడిపోయేవి. తర్వాత బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్ (రెండు అతుకుల వేడి తేడాతో వోల్టేజ్ పుట్టించే జోడీ) పట్టుకున్నారు. ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకో అతుకు మంచులో పెడితే వోల్టేజ్ కదలకుండా నిలిచింది, అప్పుడు లెక్క కుదిరింది. ఆ సూత్రాన్ని 1827లో పుస్తకంగా వేశారు. లోడ్ పడితే సప్లై వంగుతుంది, ఆ వంపును లెక్కలోకి తీసుకోవాలి అన్నది ఆ రోజు నుంచీ ఉన్న పాఠమే.

ఇప్పుడు నీ గీజర్. మల్టీమీటర్ 26.8 చూపించింది అన్నావు. ప్రోబ్ కొనలు రెండూ ఒకదానికొకటి ఆనించి చూడు. 0.3 దగ్గర ఏదో చూపిస్తుంది. అది ప్రోబ్ వైర్ల సొంత రెసిస్టెన్స్, తీసెయ్యాలి. మిగిలింది 26.5. ప్లేటు మీద ఉన్న అంకెలతో లెక్క వెయ్యి: 230 × 230 ÷ 2000 = 26.45. చూశావా, మీటరూ ప్లేటూ ఒకే మాట చెబుతున్నాయి. నీ గీజర్ ఎలిమెంట్ ఆరోగ్యంగా ఉంది. లోపల ఉండేది నిక్రోమ్ తీగ. వేడెక్కినా దాని రెసిస్టెన్స్ పెద్దగా మారదు. పైగా నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి ఎర్రగా కాలే ప్రశ్నే లేదు. అందుకే చల్లగా ఉన్నప్పుడు కొలిచినా ఆ అంకెను నమ్మొచ్చు.

రెసిస్టెన్స్ 26.5 అని తేలింది, కరెంట్ 8.0 అని నువ్వే కొలిచావు. ఆ రెండూ గుణిస్తే 212. అంటే నువ్వు టాంగ్ టెస్టర్ పెట్టిన ఆ సమయంలో గీజర్ కొనల దగ్గర ఉన్నది 230 కాదు, 212 వోల్టులు. పవర్ 212 × 8 = 1696 వాట్స్. 1840 కాదు, 2000 అసలే కాదు.

వోల్టేజ్ తగ్గింది సుమారు 8 శాతమే అయినా పవర్ 15 శాతం పోయింది, గమనించు. వోల్టేజ్ తగ్గితే దానితోపాటు కరెంటూ తగ్గుతుంది కాబట్టి దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది. లెక్కలో వోల్టేజ్ వర్గం రావడానికి అర్థం అదే. 15 లీటర్ల గీజర్‌లో 25 డిగ్రీల నీళ్లను 55కు తేవాలంటే సుమారు 1885 కిలోజౌళ్ల వేడి కావాలి. 2000 వాట్లకైతే పావుగంట దాటి ఒక నిమిషంలోపు అయిపోతుంది. 1696 వాట్లకు పద్దెనిమిదిన్నర నిమిషాలు. యూనిట్లు మాత్రం రెండు సందర్భాల్లోనూ దాదాపు ఒకటే, అర యూనిట్ పైచిలుకు. వోల్టేజ్ తగ్గితే గీజర్ బిల్లు తగ్గుతుందని కొందరు అంటారు. నీళ్లకు కావలసిన వేడి మారనప్పుడు బిల్లు ఎలా తగ్గుతుంది? ఎక్కువసేపు తిరిగి అంతే తీసుకుంటుంది.

మరి ఆ 18 వోల్టులు ఎక్కడ పోయాయి? దీన్ని మాత్రం తేలిగ్గా వదలకు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్ ఇళ్ల సప్లైకి 6 శాతం వరకు తేడా ఒప్పుకున్నాయి. అంటే 216 నుంచి 244 దాకా. అందుకని 230 కచ్చితంగా వస్తుందని ఎప్పుడూ అనుకోకు. నాలుగు రీడింగులు తియ్యి. మీటర్ దగ్గరి మెయిన్ బోర్డులో గీజర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒకటి, ఆన్‌లో ఒకటి. గీజర్ దగ్గర ఆఫ్‌లో ఒకటి, ఆన్‌లో ఒకటి. బోర్డు దగ్గర ఆఫ్‌లోనే 214 ఉంటే అది వీధి సప్లై సంగతి, కంప్లైంట్ పెట్టాలి. బోర్డు దగ్గర ఆన్‌లో కూడా 226 ఉండి గీజర్ దగ్గర 212 ఉంటే తేడా మీ ఇంటి గోడల్లోనే ఉంది. అలా ఉంటే ఆ పూటే గీజర్ ఆపెయ్యాలి.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానో ఒక ఇల్లు చెబితే తెలుస్తుంది. లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు మూడో అంతస్తు. ఇంటావిడ ఫోన్ చేసి, గీజర్ వేసినప్పుడల్లా మాడిన వాసన వస్తోంది, ఇప్పటికి రెండుసార్లు సాకెట్ మార్పించాం, నెల తిరగ్గానే మళ్లీ అదే వాసన అన్నారు. వెళ్లి కొలిచాను. ఎలిమెంట్ 26.4 ఓమ్స్, దానికేం లేదు. గీజర్ ఆన్ చేస్తే మెయిన్ బోర్డులో 228, గీజర్ కొనల దగ్గర 219. కరెంట్ 8.3 ఆంప్స్. మధ్యలో 9 వోల్టులు ఎటో పోతున్నాయి.

వైరుకు ఎంత పోవాలో ముందు లెక్కేశాను. బోర్డు నుంచి బాత్రూమ్‌కి 12 మీటర్లు, పోనూ రానూ 24. రెండున్నర స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకు ఏడున్నర ఓమ్స్ లోపే ఉంటుంది కాబట్టి 24 మీటర్లకు 0.18. దాన్ని 8.3తో గుణిస్తే ఒకటిన్నర వోల్టు. మిగతా ఏడున్నర వోల్టులు వైరులో పోవడానికి వీల్లేదు, ఎక్కడో ఒక్కచోట పోతున్నాయి. ఏడున్నరను 8.3తో భాగిస్తే 0.9 ఓమ్. గుణిస్తే 62 వాట్స్. అంటే సాకెట్ లోపల, వేలి గోరంత చోట, ఒక 60 వాట్ల బల్బు వెలుగుతున్నంత వేడి!

మెయిన్ ఆపి సాకెట్ విప్పాను. ఫేజ్ వైపు ఇత్తడి నల్లగా, ఊదారంగుకి తిరిగిపోయింది. స్క్రూ తల చుట్టూ పచ్చటి చిలుము. తెల్లటి ప్లాస్టిక్ టీ డికాషన్ రంగుకొచ్చి బుడగలు లేచింది. వైరు కొసను వంచితే రాగి పోగులు చేతిలో పెళపెళ విరిగిపోయాయి. అంతకుముందు వచ్చినవాళ్లు రెండుసార్లూ కొత్త సాకెట్ వేశారు గానీ ఆ మాడిన కొసనే మళ్లీ అందులో బిగించారు. నేను మూడంగుళాలు వెనక్కి, రాగి మెరిసేదాకా కోసి, కొత్త సాకెట్‌లో గట్టిగా బిగించాను. ప్లగ్ కూడా మార్చాను. మళ్లీ ఆన్ చేస్తే 9 వోల్టుల తేడా 2కి దిగింది. ఉప్పుగాలి తగిలే ఇళ్లలో రాగి, ఇత్తడి అతుకులు ఇలా చెడిపోవడం మన ఊళ్లో నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. బీచ్ వైపు ఇళ్లలో ఏడాదికోసారైనా పవర్ ప్లగ్గులు విప్పి చూడమంటాను.

ఆ 0.9 ఓమ్‌ను మల్టీమీటర్ ఓమ్స్ రేంజ్‌లో పెట్టి పట్టుకోవడం కష్టం. ప్రోబ్ వైర్లకే 0.3 ఉంటుంది, మీటర్ పంపే కరెంట్ చాలా తక్కువ, పైగా లూజ్ కాంటాక్ట్ చల్లగా ఉన్నప్పుడు మంచిగా నటిస్తుంది. నిజంగా 8 ఆంప్స్ పారుతున్నప్పుడు రెండు చోట్లా వోల్టేజ్ చూసి, తేడాను కరెంట్‌తో భాగిస్తేనే దాని బండారం బయటపడుతుంది. నువ్వు నేర్చుకుంటున్న ఆ చిన్న భాగహారం విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఈ ఇంటి లెక్కలోనే నీకు క్లాసులో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఇంకో అనుమానం కూడా తీరిపోతుంది. పవర్ అంటే కరెంట్ వర్గం × రెసిస్టెన్స్ అంటారు. దాని ప్రకారం రెసిస్టెన్స్ పెరిగితే వేడి పెరగాలి. మళ్లీ పవర్ అంటే వోల్టేజ్ వర్గం ÷ రెసిస్టెన్స్ అని కూడా అంటారు. దాని ప్రకారం రెసిస్టెన్స్ పెరిగితే వేడి తగ్గాలి. రెండూ ఎలా నిజం? ఏది కదలకుండా ఉందో చూడాలి. గోడ సాకెట్‌కి తగిలించిన గీజర్‌కు వోల్టేజ్ దాదాపు స్థిరం, కాబట్టి తక్కువ ఓమ్స్ ఉన్న గీజరే ఎక్కువ వాట్లు. 3000 వాట్ల గీజర్ 17.6 ఓమ్సే ఉంటుంది. అదే గీజర్‌తో వరసలో ఉన్న అతుకు విషయంలో కరెంట్ స్థిరం. ఎంత పారాలో గీజర్ నిర్ణయిస్తుంది, అతుకు దాన్ని మోయాలి. అక్కడ ఓమ్స్ పెరిగితే వేడి పెరుగుతుంది. ఒకే సర్క్యూట్‌లో, ఒకే సమయంలో, రెండు ఫార్ములాలూ చెరోచోట నిజమవుతున్నాయి.

పరవాడ వైపు వెళ్తే సింహాద్రి విద్యుత్ ప్లాంటు దగ్గర పెద్ద టవర్లు కనిపిస్తాయి కదా, వాటి వెనక ఉన్నదీ ఇదే కరెంట్ వర్గం. అక్కడ ఒక్కో యూనిట్ 500 మెగావాట్లు, నాలుగు యూనిట్లు. 500 మెగావాట్లను 400 కిలోవోల్టులకు పెంచి మూడు ఫేజుల్లో పంపితే లైనులో సుమారు 720 ఆంప్స్ చాలు. అదే పవర్‌ను 20 కిలోవోల్టుల దగ్గరే పంపాలంటే కరెంట్ 20 రెట్లు, అదే తీగలో వేడి నష్టం 400 రెట్లు. మీ బాత్రూమ్ సాకెట్‌కీ ఆ టవర్‌కీ లెక్క ఒక్కటే.

బల్బు దగ్గరికి వస్తే, నీ రెండు అంకెలూ నిజమే. 40 ఓమ్స్ అనేది చల్లటి ఫిలమెంట్‌ది, 529 అనేది వెలుగుతున్న ఫిలమెంట్‌ది. వెలిగేటప్పుడు టంగ్‌స్టన్ సుమారు 2500 డిగ్రీలు ఉంటుంది. నిక్రోమ్‌లా కాదు, టంగ్‌స్టన్ వేడెక్కితే రెసిస్టెన్స్ పది పన్నెండు రెట్లకు పైగా పెరుగుతుంది. కాబట్టి మల్టీమీటర్ చూపిన 40తో పవర్ లెక్కేస్తే 1300 వాట్స్ దాటిపోతుంది, అది స్విచ్ వేసిన మొదటి కాసింత సేపటికి మాత్రమే నిజం. అప్పుడు నిజంగానే ఐదారు ఆంప్స్ పారి, రెప్పపాటులోపు 0.43కి దిగిపోతుంది. బల్బులు వెలుగుతూ వెలుగుతూ కన్నా స్విచ్ వేయగానే ఎక్కువగా 'టప్' మని పోవడం ఇందుకే. ఎల్‌ఈడీ బల్బుకు మాత్రం ఓమ్స్ లెక్కే వద్దు. లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, మల్టీమీటర్‌తో దాని రెసిస్టెన్స్ కొలిచి ఏమీ తెలుసుకోలేం.

మోటారు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే ఇక్కడ భాగహారమూ గుణకారమూ రెండూ మోసం చేస్తాయి. వైండింగ్ రాగి తీగ రెసిస్టెన్స్ 4 ఓమ్స్. అదొక్కటే అడ్డమైతే 230 వోల్టులకు 57 ఆంప్స్ పారి, ఎంసీబీ (కరెంట్ మితిమీరితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) పడిపోవాలి. పారేది 6.5 మాత్రమే. మిగతా అడ్డు రాగిది కాదు. ఏసీ (దిశ మారుతూ పారే కరెంట్) సప్లైలో చుట్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం క్షణక్షణం మారుతూ, సప్లైకి ఎదురుగా వోల్టేజ్ పుట్టిస్తుంది. మోటారు తిరుగుతుంటే ఆ ఎదురు వోల్టేజ్ ఇంకా బలంగా ఉంటుంది. నీకు వచ్చిన 35 ఓమ్స్ రెసిస్టెన్స్ కాదు, ఇంపెడెన్స్, అంటే ఏసీకి ఎదురయ్యే మొత్తం అడ్డు. రెండింటికీ యూనిట్ ఓమే కాబట్టి గందరగోళం. వైండింగ్ వేడెక్కడానికి మాత్రం ఆ 4 ఓమ్సే లెక్క. బేరింగ్ పట్టేసి మోటారు తిరగకపోతే ఎదురు వోల్టేజ్ పడిపోయి కరెంట్ ఐదారు రెట్లవుతుంది. ఐదు రెట్లు కరెంట్ అంటే వైండింగ్‌లో ఇరవై ఐదు రెట్లు వేడి. 'ఊఁ' మని మూలుగుతూ తిరగని మోటారును వెంటనే ఆపమనేది అందుకే. కాసేపు చూద్దాం అనుకుంటే రీవైండింగ్ ఖర్చు నెత్తిన పడుతుంది.

గుణకారం సంగతి: 230 × 6.5 = 1495. ఇది వాట్స్ కాదు, వోల్ట్ ఆంపియర్లు. మోటారులో కరెంట్ వోల్టేజ్ కన్నా కాస్త వెనకబడి నడుస్తుంది కాబట్టి అందులో కొంత కరెంట్ పనేమీ చేయకుండా వెళ్లి వస్తుంది. నిజమైన వాట్లు కావాలంటే పవర్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. ఆ పవర్ ఫ్యాక్టర్ ఎంతో తెలుసుకోవడానికి ఖరీదైన మీటర్ కొననక్కర్లేదు. అపార్ట్‌మెంట్ కామన్ మీటరే చెబుతుంది.

ఎలక్ట్రానిక్ మీటర్ మీద ఒక చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంది. దాని పక్కనే యూనిట్‌కు ఎన్ని పల్సులో రాసి ఉంటుంది. 3200 అనుకుందాం, నీ మీటర్ మీద ఉన్న అంకె చూసుకో. మిగతావన్నీ ఆపి మోటారు ఒక్కటే నడుస్తుండగా సరిగ్గా ఒక నిమిషం పల్సులు లెక్కపెట్టు. 3200 మీటర్‌కైతే నిమిషానికి ఒక్కో పల్సు 18.75 వాట్లతో సమానం. 64 పల్సులు వస్తే 1200 వాట్స్. 1200ని 1495తో భాగిస్తే 0.80, అదే నీ మోటారు పవర్ ఫ్యాక్టర్. మీ ఇంటి మీటర్ దగ్గర గీజర్‌తోనూ ఇలాగే చెయ్యి. నా లెక్క సరైనదైతే 212 వోల్టుల దగ్గర నిమిషానికి 90 పల్సులు రావాలి. గీజర్‌కు పవర్ ఫ్యాక్టర్ దాదాపు 1, కాబట్టి గుణకారమూ పల్సులూ కలిసిపోతాయి. ఈ రెండూ పక్కపక్కన చేసి చూస్తే పవర్ ఫ్యాక్టర్ అంటే ఏమిటో జన్మలో మర్చిపోవు.

1 హెచ్‌పీ అంటే 746 వాట్స్ కదా, 1200 ఎందుకు తింటోంది అని అడుగుతావేమో. 746 అనేది షాఫ్ట్ దగ్గర బయటికొచ్చే పని. చిన్న సింగిల్ ఫేజ్ మోటార్లు అరవై, డెబ్బై శాతం దగ్గరే పనిచేస్తాయి. మిగతాది వేడి.

ఈ వోల్ట్ ఆంపియర్ల విలువ నాకు బాగా తెలిసొచ్చింది హుద్‌హుద్ అప్పుడు. 2014 అక్టోబర్ 12న తుఫాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. పైన ట్యాంకులు ఖాళీ. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు ఎక్కడెక్కడో తిరిగి ఎక్కువ అద్దెకు 2 కేవీఏ (2000 వోల్ట్ ఆంపియర్ల) జనరేటర్ తెచ్చుకున్నారు. మోటారు 1 హెచ్‌పీయే కదా, చాలుతుందనుకున్నారు. స్విచ్ వేస్తే జనరేటర్ గొంతు పట్టేసినట్టయి ఆగిపోయింది. నడిచేటప్పుడు 6.5 ఆంప్సే, కానీ స్టార్టింగ్‌లో ముప్పైకి పైగా. 230తో గుణిస్తే 7 కేవీఏ దాటుతుంది. వాట్లు చూసి జనరేటర్ తెచ్చారు, చూడాల్సింది స్టార్టింగ్ కరెంట్. బిందెలు పట్టుకుని మెట్ల మీద నిలబడిన ఆడవాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. చివరికి పెద్ద జనరేటర్ ఉన్న పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు వైరు ఇచ్చి ఆదుకున్నారు.

టాంగ్ టెస్టర్ వాడకంలో రెండు విషయాలు. దవడల మధ్య ఒక్క వైరే ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పెడితే పోయేదీ వచ్చేదీ కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. అలా పెట్టినా సున్నా రాకపోతే ఎక్కడో ఎర్త్‌లోకి లీకవుతోందని అర్థం, అది కూడా ఉపయోగపడే పరీక్షే. రెండోది, ఫ్యాన్ లాంటి చిన్న లోడ్లకు రీడింగ్ సరిగ్గా రాదు. అప్పుడు ఒక ఎక్స్‌టెన్షన్ వైరులో ఫేజ్ తీగను మాత్రం పొడవుగా తీసి దవడ చుట్టూ పదిసార్లు చుట్టి, వచ్చినదాన్ని పదితో భాగించు. 3.4 వస్తే 0.34 ఆంప్స్.

ఇక నా భయం ఒకటి చెప్పాలి. నేను చెప్పిన వోల్టేజ్ రీడింగులన్నీ కరెంటు ఉన్నప్పుడు తీసేవి. డిప్లొమా రెండో సంవత్సరంలో ఇది ఒంటరిగా చేయొద్దు. పని తెలిసినవాళ్లను పక్కన పెట్టుకో. పొడి చెప్పులు వేసుకో, తడి బాత్రూమ్‌లో అసలొద్దు. మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్ 10 ఆంప్స్ రంధ్రంలో ఉండగా వోల్టేజ్ చూడబోయి సాకెట్‌లో పెడితే అది నేరుగా షార్ట్. ఆంప్స్ రంధ్రం వెనక దాదాపు రెసిస్టెన్సే ఉండదు. 230ని ఓమ్‌లో పదో వంతుతో భాగిస్తే ఎంతవుతుందో చూడు, 2300 ఆంప్స్. అంత కరెంట్ రాకముందే మీటర్ చేతిలో పేలిపోవచ్చు. అలా చేతులు కాల్చుకున్న కుర్రాణ్ణి నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ప్రతి రీడింగ్‌కు ముందు ప్రోబ్ ఏ రంధ్రంలో ఉందో కళ్లతో చూసి, పైకి అనుకో.

మనిషికీ ఇదే భాగహారం. తడి ఒంటితో మన రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్స్ దగ్గరికి పడిపోవచ్చు. 230 ÷ 1000 = 0.23 ఆంప్స్, అంటే 230 మిల్లీ ఆంప్స్. గుండెను ఆపడానికి అంత కూడా అక్కర్లేదు. మీ బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ ఎర్త్‌లోకి లీకైతే వెంటనే సప్లై తెంచే స్విచ్) ఉందో లేదో ఈ రోజే చూడు. ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడు. లేకపోతే గీజర్ లెక్కల కన్నా ముందు నాన్నగారితో చెప్పి అది పెట్టించు. ఎంసీబీ వైరును కాపాడుతుంది గానీ మనిషిని కాపాడదు, 16 ఆంప్స్ దాకా అది కదలదు.

ముందుగా బోర్డు దగ్గర, గీజర్ దగ్గర ఆ నాలుగు రీడింగులు తీసి ఇక్కడ రాయి. గీజర్ ఆన్‌లో ఉండగా ఆ రెండు చోట్ల మధ్య తేడా 4 వోల్టులు దాటితే గీజర్ వాడటం ఆపి, ఎవరిచేతైనా సాకెట్ విప్పించి, లోపలి రంగు ఎలా ఉందో కూడా రాయి. మోటారు పల్సుల లెక్క ఆదివారం పొద్దున చేస్తే బాగుంటుంది, కామన్ లైట్లు ఆఫ్‌లో ఉంటాయి. మోటారు కండెన్సర్ (కెపాసిటర్) మీద ఎన్ని మైక్రోఫ్యారడ్లని ఉందో కూడా చూసి రాయి. పవర్ ఫ్యాక్టర్ 0.7 కన్నా తక్కువ వస్తే ముందు నేను అనుమానించేది దాన్నే.